కెలుకుట, చిలుకుట

ఉద్దనపల్లి మొదలైన హోసూరు సీమ పల్లెలలో రాగిసంగటి తరతరాలనుండి వచ్చుచున్న ఆహారము. ఎసరు మరగిన పిమ్మట పిండి పోసి, అది ఉడికిన తరువాత తెడ్డు పట్టి గట్టిగా కెలుకుదురు. కెలకని యెడల పిండి ఉండలు కట్టును; అడుగున ఉన్నది మాడును, పైన ఉన్నది పచ్చిగానే మిగులును. కొత్తగా కాపురమునకు వచ్చిన కోడలు చేయి నొచ్చి తెడ్డు ఆపినచో, "ఆపవద్దమ్మాయ్, కెలుకు, అడుగంటుతుంది" అని అత్తగారు హెచ్చరించును. ఆ అత్తగారే సాయంత్రము ఇరుగుపొరుగువారు అరుగుపై కూర్చుండి ఎప్పటిదో పాత తగవును ఎత్తినప్పుడు, "చల్లారినదాన్ని ఇప్పుడెందుకమ్మా కెలుకుతారు?" అని వారించును. పొద్దున చేయుమన్న పనిని పొద్దుగూకువేళ వలదనినది. ఆమె మాటలో పొరపాటు లేదు. రెండు చోట్లను ఆమె వాడినది ఒక్కటే క్రియ. ఆ క్రియకు ఒకచోట మన్నన, మరొకచోట మందలింపు ఎందుకు కలిగినవో విచారింపదగిన విషయము.

'కెలుకు' అను మాటకు తెలుగువారి నోట ఉన్న వాడుకలను వరుసగా పెట్టి చూచినచో ఈ చిక్కు మరింత స్పష్టమగును. కోడి గింజకొరకు పెంటను కెలుకును. నివురు కప్పిన నిప్పును పుల్లతో కెలికి పొయ్యి రాజవేయుదురు. మానుచున్న పుండును గోటితో కెలికి మరల రక్తము తెచ్చుకొందురు. మరచిపోయిన సంగతిని కెలుకుదురు. తన దారిని తాను పోవువానిని మాటలతో కెలికి కయ్యమునకు దింపుదురు. గింజ దొరకుట, నిప్పు రాజుట, పుండు రేగుట, కయ్యము పుట్టుట, ఇట్లు ఫలములు వేరువేరు. చేయి చేసిన పని మాత్రము ఒక్కటే. అడుగున అణగియున్న దానిని పైకి తెచ్చుటయే ఆ పని. 'ఎగదోయు' అను మాటయు ఇట్టిదే. పొయ్యిలోని కట్టెను ఎగదోయుదురు. కొండెక్కబోవు దీపమున వత్తిని ఎగదోయుదురు. ఇద్దరు పోట్లాడుచుండగా వెనుక నిలిచి ఒకనిని ఎగదోయు పెద్దమనుషులును కలరు.

ఇది తెలుగునకు మాత్రమే కలిగిన వింత కాదు. హోసూరు సీమ 1956 నాటి రాష్ట్ర పునర్విభజనలో మద్రాసు రాష్ట్రముననే నిలిచినది. 2004 నుండి కృష్ణగిరి జిల్లాలో చేరియున్నది. తెలుగు, కన్నడము, తమిళము మూడును ఇచ్చటి అంగళ్లలో వినబడును. కొనవచ్చిన వాని భాషలోనే బేరమాడుట ఇచ్చటి వర్తకులకు అలవాటు. కన్నడిగుడు 'కెదకు' అన్నచో చెత్తను తిరగవేయుటయు, పాతకథను తవ్వుటయు రెండును తోచును. ఎదుటివానిని రెచ్చగొట్టుటకు 'కెణకు' అను మాట అతనికి కలదు. తమిళుడు సంగటిని 'కిండును'. ఆ మాటనుండియే 'కిండల్' అనగా ఎగతాళి వచ్చినది. కుండలో తెడ్డు త్రిప్పుటయు, మనిషిని ఆటపట్టించుటయు అతనికి ఒకే ధాతువు. అతడే దీపపు వత్తిని 'తూండును', మనిషిని గొడవకు 'తూండును'. మూడు భాషలవారును వంటయింటి పనికిని, వీధి తగవునకును ఇట్లు ఒకే మాటనో, దగ్గరి మాటలనో వాడుచున్నారు. పదము తనంత తాను మంచిదియు కాదు, చెడ్డదియు కాదు. నిర్ణయము మరియొక చోట వెదకవలసియున్నది.

ఈ విచారము పదముల ముచ్చటతో ముగియునది కాదు. వర్తక కుటుంబములకు ఇది ఇంటిలోని ప్రశ్న. తండ్రి స్థాపించిన అంగడిని ఇద్దరన్నదమ్ములు పంచుకొనిరనుకొనవచ్చును. పంపకమునాడు చిట్టా ఆవర్జాలలో ఒక పద్దు సరిగా తేలలేదు. తమ్మునికి రావలసిన కొంత మొత్తము అన్నగారి పక్షముననే ఉండిపోయినది. ఆనాడు తల్లి బ్రతికియున్నది. ఆమె మనస్సు నొచ్చునని తమ్ముడు నోరెత్తలేదు. పదిపన్నెండేండ్లు గడచినవి. పెండ్లిండ్లకు ఒకరింటికి ఒకరు వచ్చుచున్నారు. ఏటేట పర్వదినమున ఒకరికొకరు చేతులు జోడించి 'మిచ్ఛామి దుక్కడం' అని క్షమాపణ చెప్పుకొనుచున్నారు. ఊరివారు ఆ అన్నదమ్ముల ఐకమత్యమును మెచ్చుకొనుచున్నారు. కాని తమ్ముని భార్య ఆ పద్దును మరువలేదు. అన్నగారు ఆ ఆవర్జాను బీరువా అడుగునుండి తీయలేదు. ఇప్పుడు ఆ సంగతి ఎత్తుట ధర్మమా? ఎత్తకుండుట ధర్మమా?

రెండు సులభమైన సమాధానములు కలవు. ఒకటి, అహింసాపరులు దేనినీ కెలుకరాదనునది. పోయినది పోయినది, శాంతికి మించిన లాభము లేదు. రెండవది, సత్యవ్రతులు దేనినీ దాచరాదనునది. ఉన్నమాట చెప్పిన తరువాత ఎవరేమైనను చెప్పినవాని పూచీ లేదు. రెండింటికిని శాస్త్రము అండ ఉన్నట్లే పైకి తోచును. నిదానించి చూచినచో రెండును నిలువవు.

మొదటిదానిని తీసికొనవచ్చును. తత్త్వార్థ సూత్రమునకు 'సర్వార్థసిద్ధి' అను వ్యాఖ్య రచించిన పూజ్యపాదాచార్యులు, మోహము అణగుటకును, నశించుటకును గల భేదమును బురదనీటి ఉపమానముతో చెప్పిరి. బురదనీటిలో చిల్లగింజ అరగదీసి కలిపినచో బురద అడుగునకు దిగును, పైనీరు తేటపడును. ఇది ఉపశమము. ఆ తేటనీటిని మరొక శుభ్రమైన పాత్రలోనికి వంచుకొన్నచో అందు బురద ఎంతమాత్రమును ఉండదు. ఇది క్షయము. చూచువానికి రెండు పాత్రలలోని నీరును ఒకే తీరున స్వచ్ఛముగా కనబడును. ఒక పుల్ల వేసి త్రిప్పినప్పుడు గాని భేదము తెలియదు. మొదటి పాత్ర కలగును, రెండవది కలగదు.

గుణస్థానములు పదునాలుగింటిలో పదునొకండవది ఉపశాంతమోహము, పండ్రెండవది క్షీణమోహము. పదునొకండవ మెట్టు ఎంత ఎత్తైనదో సామాన్యులకు ఊహకు అందదు. అంతటివాడును అచ్చటనుండి జారి తీరునని శాస్త్రము నిర్ణయించినది. అణచబడిన మోహము మరల లేచును. అణగినదే గాని పోలేదు గనుక. పండ్రెండవ మెట్టు ఎక్కినవానికి జారుట లేదు. అన్నదమ్ముల ఐకమత్యము ఈ రెండింటిలో ఏ జాతిదో చెప్పుట కష్టము కాదు. ఎవరును పుల్ల వేయకున్నంతవరకే నిలుచు శాంతి అడుగున బురదగల శాంతియే. దానిని కాపాడుటకు ఇంటిలోని అందరును ఎల్లకాలము మునివ్రేళ్లపై నడువవలసివచ్చును. ఒకనాడు పిల్లలలో ఎవరో తెలియక ఆ మాట ఎత్తుదురు; అంతటితో ఆ శాంతి తీరిపోవును.

హోసూరు చెంత దక్షిణ పినాకినిపై కెలవరపల్లి జలాశయము కలదు. నందికొండలలో పుట్టి బెంగుళూరు పొలిమేరల మీదుగా వచ్చు ఆ నదిలో పట్టణముల మురుగు, కర్మాగారముల వ్యర్థజలములు కలియుచున్నవి. నీరు నిలిచియున్నంతవరకు దూరమునుండి చూచువానికి అది తక్కిన జలాశయముల వంటిదే. ద్వారములు ఎత్తి నీరు వదలినప్పుడు మాత్రము తెల్లని నురుగు గుట్టలుగుట్టలుగా లేచి ఏటిమీద తేలిపోయిన సందర్భములు ఇటీవలి సంవత్సరములలో పలుమారులు కలవు. ఆ నురుగునకు కారణము ద్వారము ఎత్తిన చేయి యని ఎవరైన అన్నచో వినువారు నవ్వుదురు. నీరు దూకినందువలన నురుగు కనబడినదే గాని పుట్టలేదు. పుట్టినది ఎగువన, ఎవరో మురుగును ఏటిలోనికి వదలినచోట.

మనుష్యుల విషయమున మాత్రము ఈ పాటి వివేకము తరచు లోపించును. 2023లో ఉద్దనపల్లి, అయ్యర్నపల్లి, నాగమంగళము ప్రాంతముల రైతులు, సిప్కాట్ పారిశ్రామికవాడకై పంటభూములు తీసికొనుటకు ఒప్పుకొనక నెలల తరబడి నిరసన సాగించిరి. పరిశ్రమలు రావలెనా, పొలములు నిలువవలెనా అను వివాదమున న్యాయము ఎంత ఏ పక్షమున ఉన్నదో తేల్చుట ఈ వ్యాసమునకు మించిన పని. హోసూరు వర్తకము పరిశ్రమల వలన పెరిగినది. పల్లె అంగడి పొలము వలన బ్రతుకుచున్నది. ఇచ్చట గమనింపదగినది ఒక ప్రశ్న. ఎచ్చట జనము గుమిగూడినను దూరమునుండి చూచువారు మొదట అడుగునది, "వీరిని ఎవరు రెచ్చగొట్టిరి?" అని. "వీరికి ఏమి పోవుచున్నది?" అను ప్రశ్న వెనుకబడును. మొదటి ప్రశ్న ఒక మనిషిని వెదకును. రెండవది ఒక కారణమును వెదకును. మనిషి దొరకినచో పని సులభము, అతనిని తప్పించిన చాలును. కారణము దొరకినచో దానిని తీర్చవలసివచ్చును. అందుచేతనే మొదటి ప్రశ్న అంత ప్రియముగా ఉండును. ఇంటిలోను ఇదే రీతి. తమ్ముడు పద్దు ఎత్తినాడనగానే, "ఇది అతని మాట కాదు, ఎవరో ఎక్కించినారు" అని అన్నగారి పక్షమువారు అందురు. ఆవర్జాను తెరచి చూచుట కంటె ఆ మాట అనుట సులువు.

జైనదర్శనము ఉపాదానము, నిమిత్తము అని రెండు కారణములను వేరుపరచినది. మంటకు ఆహుతియగు వస్తువు లోపల ఉండవలెను. నిప్పురవ్వ బయటినుండి తగులవలెను. కోపపడినవాడు "వాడు కెలికినాడు గనుక కోపపడితి" నని తప్పించుకొనజాలడు. బురద తన కుండలోనిదే. ఇది ఎంత సత్యమో, కెలికినవాడు "వాని కుండలో బురద ఉన్నది, నాదేమున్నది?" అని తప్పించుకొనజాలడనుటయు అంతే సత్యము. ఇచ్చటనే రెండవ సులభసమాధానము కూలును.

తత్త్వార్థ సూత్రము ఆరవ అధ్యాయమున కర్మాస్రవమునకు జీవుని పక్షమున గల ఆధారములను లెక్కించినది. సంకల్పించుట, సన్నాహము చేయుట, ఆరంభించుట మూడు. మనస్సు, వాక్కు, కాయము మూడు. తాను చేయుట, ఒకరిచే చేయించుట, ఒకరు చేయగా ఆమోదించుట మూడు. క్రోధ మాన మాయా లోభములు నాలుగు. వీనిని ఒకదానితో నొకటి గుణించినచో 108 అగును. ఈ లెక్కలో కృతము, కారితము, అనుమతము మూడును సరిసమానముగా నిలిచియున్నవి. కర్ర ఎత్తినవానికి ఒక పద్దు, ఎత్తించినవానికి ఒక పద్దు, వీధిలో నిలిచి వేడుక చూచి సంతోషించినవానికి ఒక పద్దు. ఎగదోయువాని చేతికి మసి అంటకపోవచ్చును. ఖాతాలో పేరు మాత్రము తప్పదు.

సత్యము చెప్పితినను సమర్థన కూడ నిలువదు. సత్యాణువ్రతమునకు చెప్పిన అయిదు అతిచారములలో కూటలేఖక్రియ, అనగా దొంగపత్రము వ్రాయుట, న్యాసాపహారము, అనగా కుదువను అపహరించుట ఉన్నవి. వర్తకులకు ఇవి సులభముగా బోధపడును. వాని సరసనే రహోభ్యాఖ్యానము, సాకార మంత్రభేదము అను రెండు కలవు. ఏకాంతమున జరిగినదానిని వెల్లడించుట మొదటిది. ముఖకవళికలనుబట్టి ఒకరి ఆలోచనను కనిపెట్టి బయటపెట్టుట రెండవది. ఈ రెండింట చెప్పిన మాట అబద్ధము కానక్కరలేదు. నిజమే అయినను సత్యవ్రతమునకు అది మచ్చయని పెద్దలు నిర్ణయించిరి. పదునెనిమిది పాపస్థానములలో కలహమునకును, అభ్యాఖ్యానమునకును, పైశున్యమునకును, పరపరివాదమునకును వేరువేరు స్థానము లిచ్చుటలో అంతరార్థమిదియే. నోటితో కెలుకుట ఎన్ని విధములో వారికి తెలియును.

అంగడివీధిలో దీనికి ఉదాహరణము వెదకనక్కరలేదు. "ఆ కొట్టువారికి సరుకు అరువిచ్చే ముందు ఒకమారు ఆలోచించుకోండి సేఠ్‌జీ; నా పేరు మాత్రం ఎక్కడా చెప్పకండి" అని ఒకడు మెల్లగా అనును. ఆ కొట్టువారికి ఆ నెల ఇబ్బంది ఉన్నమాట నిజమే. నెల గడచినచో కోలుకొనువారే. కాని మాట సాయంత్రమునకు పది అంగళ్లు తిరిగెను. మరునాటికి బాకీదారులందరు ఒక్కసారి గుమ్మము తొక్కిరి. ఒకరోజున అందరికిని చెల్లించుట ఎంతటి వర్తకునికైనను సాధ్యము కాదు. అంగడి మూతపడెను. మొదట చెప్పినవాడు, "నేను చెప్పలేదా!" అనును. ఇప్పుడు ఈ పనికి వీధి తిరుగనక్కరలేదు. చేతిలోని ఫోనుపై వచ్చిన మాటను వ్రేలితో మరొకరికి తోసిన చాలును. వ్రేలు కదిపినవాడు తాను ఏమియు చేయలేదనియే అనుకొనును. అనర్థదండములలో దుఃశ్రుతి, అనగా చెడుమాటలకు చెవి యొగ్గుట, ఒకటిగా చెప్పబడినది. వినుటకే దోషమున్నప్పుడు, విన్నదానిని తోయుటకు లేదనుట ఎట్లు?

ఇట్లు కెలుకకుండుటయు చాలదు, కెలుకుటయు క్షేమము కాదు. నడుమ దారి ఏది? దీనికి జైనశాస్త్రమున ఒక పదమే కలదు. అది 'ఉదీరణ'. కర్మ ఫలమిచ్చుటకు ఒక కాలమున్నది. ఆ కాలము వచ్చి ఫలించుట ఉదయము. కాలము రాకముందే, అణగియున్న కర్మను ప్రయత్నముతో పైకి లాగి అనుభవమునకు తెచ్చుట ఉదీరణ. అడుగున ఉన్నదానిని పైకి తెచ్చుటయే గనుక ఇది శాస్త్రము ఆమోదించిన కెలుకుట యనవచ్చును. తపస్సుచే కర్మను ముందుగా పండించి రాల్చుకొనుటకు పెద్దలు మామిడిపండు ఉపమానము చెప్పిరి. చెట్టున తనంత తాను పండునది ఒకటి. కోసి తెచ్చి మాగవేసి పండించునది ఒకటి.

మామిడి విషయము కృష్ణగిరి జిల్లావారికి ఒకరు చెప్పనక్కరలేదు. తోటలకును, గుజ్జు తీయు కర్మాగారములకును పేరుపొందిన జిల్లా అది. కాయను గడ్డిలో మాగవేయుట ఇచ్చటి పిల్లలు కూడ ఎరుగుదురు. కాల్షియం కార్బైడు పెట్టి పండించుటయు కొందరు ఎరుగుదురు. 2011 నాటి ఆహారభద్రతా నిబంధనలు దానిని నిషేధించినవి. రెండును తొందరపెట్టుటయే. గడ్డిలో మాగిన కాయ లోపలినుండి పండును. కార్బైడు కాయ పైన పసుపెక్కును, కోసిచూచిన లోపల పులుపు. పైగా గడ్డిలో వేయువాడు దినదినము చేయిపెట్టి చూచుచు, కుళ్లినదానిని ఏరివేయుచు దగ్గర ఉండును. కార్బైడు పెట్టువానికి బేరము కుదిరి బండి కదలువరకే పని. ఒకరి మనస్సును కదపువారిలోను ఈ రెండు తెగలు కలవు.

చండకౌశికుని కథ జైనులైన వారి ఇండ్లలో పిల్లలకు చెప్పునది. పూర్వజన్మలో అతడు ఒక సాధువు. భిక్షకు పోవునప్పుడు ఆయన కాలిక్రింద ఒక కప్ప నలిగినది. చిన్నశిష్యుడు ఆ సంగతి గుర్తుచేసెను, గురువు పట్టించుకొనలేదు. సాయంత్రము ప్రతిక్రమణ వేళ మరల గుర్తుచేసెను. గురువునకు కోపము మిన్నుముట్టినది. శిష్యుని కొట్ట లేచి పరుగెత్తి, చీకటిలో స్తంభమునకు కొట్టుకొని ప్రాణము విడిచెను. ఆ కోపము జన్మలు దాటి వచ్చి, చివరకు చూపుతోనే చంపు విషసర్పమై పుట్టెను. మహావీరస్వామి ఆ దారిని పోవుచుండగా ఆ సర్పము ఆయన పాదమును కాటువేసెను. స్వామి కదలలేదు. పిదప ఆయన దానిని పేరుపెట్టి పిలిచి, తెలిసికొమ్మని మాత్రము చెప్పెను. సర్పమునకు పూర్వజన్మస్మృతి కలిగినది. అది పడగ దించి, ఎవరినీ కరువక, శరీరము వదలువరకు శాంతముగా ఉండెను.

ఈ కథను పిల్లలకు చెప్పునప్పుడు ఒక సంగతి మరుగుపడిపోవును. శిష్యుడు చేసిన పనియు, స్వామి చేసిన పనియు ఒకే జాతివి. ఇద్దరును మరచినదానిని గుర్తుచేసిరి. ఒకచోట మరణము, మరొకచోట మేలుకొలుపు కలిగినవి. శిష్యునిది తప్పని చెప్పుటకు వీలులేదు. అతని మాట నిజము, ఉద్దేశము మంచిది, అడిగిన వేళయు దోషములు తలచుకొనుటకే ఏర్పడిన వేళ. కోపము గురువు కుండలోని బురద. ఐనను స్వామి చేసినదానిలో ఒకటి అధికముగా ఉన్నది. లోపలి విషము పైకి వచ్చునని ఆయన ఎరుగును. వచ్చిన విషమును మొదట తన పాదమున స్వీకరించి, ఆ తరువాత నోరు విప్పెను. మాట చెప్పి తప్పుకొనలేదు. పైకి వచ్చినదానిని భరించుటకు సిద్ధపడి నిలుచుండెను. ఒకరి లోపలి విషయమును కదపుటకు అర్హత ఏది యని అడిగినచో, లేచినదానిని భరించుటకు తానును అచ్చట ఉండుటయే యని ఈ కథ చెప్పుచున్నది. అంగడివీధిలో గుసగుస పలికినవాడు ఈ పరీక్షలో మొదటిమాటకే తేలిపోవును. "నా పేరు చెప్పకండి" అన్నవాడు భరించుటకు రాలేదు.

కెలుకుటకును చిలుకుటకును భేదము కూడ ఇచ్చటనే. చిలుకుటయు కదపుటయే, ఐనను తెలుగున చిలుకుటకు చెడ్డపేరు లేదు. కవ్వమునకు త్రాడు రెండు కొసలు కలది. ఒక చేతితో ఒక కొసను లాగునప్పుడు రెండవ చేయి రెండవ కొసను సడలించును, కాని విడువదు. పురుషార్థ సిద్ధ్యుపాయమును ముగించుచు అమృతచంద్రసూరి జైననీతిని ఇట్లు చిలుకు గోపికతో పోల్చెను. ఒక దృష్టిని ముందునకు తెచ్చునప్పుడు రెండవదానిని సడలించవలెనే గాని పారవేయరాదు, అనేకాంతమనగా అదియే. కయ్యము పెట్టువాడు ఒకే కొసను లాగును. త్రాడు ఊడి చేతికి వచ్చును, కుండ బోర్లపడును, వెన్న రాదు. తమ్ముడు తనకు రావలసిన మొత్తమునే లాగి, ఆ యేటి నష్టములలో అన్నగారు ఒంటరిగా అంగడిని నిలబెట్టిన సంగతిని పారవేసినచో అది కెలుకుట. ఆ సంగతిని చేతిలో పట్టుకొనియే తన పద్దు అడిగినచో అది చిలుకుట.

చిలికినంతమాత్రమున పని తీరలేదు. శ్వేతాంబర సంప్రదాయమున మద్యము, మాంసము, మధువులతోపాటు వెన్నను మహావికృతులలో చేర్చిరి. మజ్జిగనుండి తీసిన వెన్న నిలువయున్నకొలది అందు సూక్ష్మజీవులు పుట్టునని కారణము చెప్పుదురు. అందుచేత వెన్న పడిన వెంటనే కాచి నెయ్యి చేయుట ఇండ్లలో ఆచారము. పైకి తెచ్చినదానిని అట్లే వదలుట దోషమను ఎరుక వంటయింటిలో అందరికిని కలదు. తగవుల విషయముననే అది మరపునకు వచ్చును. సగము చెప్పి, తక్కినది రేపు చూతమని లేచిపోయిన మాట ఇంటిలో పురుగుపట్టును.

ఇప్పుడు అన్నదమ్ములకడకు మరల రావచ్చును. తమ్ముడు అడుగవలెనా? అడుగవలెను. అడుగక మోయుచున్న బరువు మిచ్ఛామి దుక్కడమును ఏటేట బోలుమాట చేయుచున్నది. చేసిన దోషము నిష్ఫలమగుగాక యని చెప్పు ఆ మాటకు, ఆ దోషము ఏదో తెలియవలెను గదా. ఐతే పెండ్లిపందిరిలో బంధువులచేత అడిగించుట అడుగుట కాదు, అది కారితము. భార్యచేత వదినకు చెప్పించుట కాదు. తానే అన్నగారి ఇంటికి పోయి, తలుపు మూసి కూర్చుండి, "అన్నయ్యా, ఆ ఏటి ఆవర్జా ఒకసారి ఇద్దరం కలిసి చూద్దాము. నా లెక్కలో తప్పున్నా దిద్దుకొంటాను" అని అడుగుట మేలు. అన్నగారు కోపించినను లేచిపోరాదు. పద్దు తేలిన తరువాత మొత్తము తీసికొనుటయో, కొంత వదలుకొనుటయో, అంతయు వదలుకొనుటయో అతని ఇష్టము. ఏదైనను పద్దు కొట్టివేసి సంతకము చేసి లేవవలెను. వదలుకొన్నది ఎంతయో తెలిసి వదలుకొన్నదే త్యాగము. తెలియక వదలినది మరపు మాత్రమే. అది మరల మేలుకొనును.

అన్నగారికి ఇంతకంటె కష్టమైన పని ఉన్నది. ఎవరును అడుగకముందే తానే బీరువా తెరచుట. 'ఆలోచన' అను మాటకు తెలుగున తలపోయుట అని అర్థము. జైనశాస్త్రమున ప్రాయశ్చిత్తములలో మొదటిది ఆలోచన. తన దోషమును దాచక గురువు ఎదుట చెప్పుకొనుట దాని అర్థము. ప్రతిక్రమణము దినదినము తన కుండలో తానే తెడ్డు వేయుట. తన కుండను తాను కెలుకు అలవాటు గలవాని ఇంటికి ఇతరులు పుల్ల పట్టుకొని రావలసిన పని ఉండదు. వచ్చినను వారి పుల్లకు బురద అంటదు. అట్టివాడు ఇతరుల కుండ ముట్టునప్పుడు చేయి ఎంత మెల్లగా త్రిప్పవలెనో తన అనుభవము వలననే ఎరుగును.

శ్వేతాంబరులు సంవత్సరి పర్వమునను, దిగంబరులు క్షమావాణి దినమునను క్షమాపణ చెప్పుకొందురు. ఆ దినమునకు ముందు వర్తకుడు తన పుస్తకములలో ఒక్క పద్దునైనను, ఎవరును అడుగకుండ మూలపడియున్నదానిని, తానుగా తీసి సంబంధించినవాని ఎదుట పెట్టినచో, ఆ క్షమాపణకు బలము వచ్చును. అది అతని చేతిని కొంత కాల్చవచ్చును. సంగటి కెలుకు చేతికిని ఆవిరి తగులును. ఉద్దనపల్లి కోడలికి ఆ సంగతి తెలియును; ఐనను సంగటి ఉడికి కుండ దింపువరకు ఆమె తెడ్డును విడువదు, పొయ్యి దగ్గరనుండి లేవదు.